కోసి కొంగుముడి

గొల్లపల్లి అవతల మా ఊళ్ళో తాళం పడిన మొదటి ఇల్లు కోసిది. అదీ ఆమె కాపురముండే ఇల్లు కాదు. అడవి చూడ్డానికి పట్నం నుంచి వచ్చేవాళ్ళు ఒకటి రెండు రోజులుండి పోవడానికని పక్కనే కట్టిన మట్టిల్లు, పైన గడ్డికప్పు. మాకు తలుపంటే మేకలు దూరకుండా అడ్డం, అంతే. కోసి మాత్రం జగదల్‌పూర్ నుంచి ఇత్తడి తాళం తెప్పించింది.

కారణముంది. కిందటి చలికాలం ఒక అతిథి ఫోన్ పోయిందని గోలపెట్టాడు. ఊరంతా పక్కింటి ఇర్మా వైపు చూసింది. నేనూ చూశాను, సిగ్గు లేకుండా. మూడో రోజు ఆ ఫోన్ అతిథి కారు సీటు కిందే దొరికింది. అప్పటినుంచి ఇర్మా ఆ వాకిలి తొక్కలేదు. కోసికి మాత్రం దిగులు పట్టుకుంది. ఇంకోసారి ఏదైనా పోతే ఈ ఇంటికి ఎవరూ రారు, ఊళ్ళో తను తలెత్తుకోలేదు. అందుకే వచ్చినవాళ్ళు బయటికెళ్ళినా తాళమే, లోపల పడుకున్నా తాళమే.

మార్చిలో ఇనపగనుల ఊరు కిరండూల్ నుంచి శాంతిప్రియ వచ్చింది. రైల్వేవాళ్ళ ఇంటి ఆడపడుచు, మాట విజయనగరం యాస. వెంట ఆరేళ్ళ కూతురు రీనా. బస్సుల్లో ఒళ్ళు హూనమై, మధ్యాహ్నం అన్నం తినగానే ఇద్దరూ ఎండకు కిటికీ మూసుకుని పడుకున్నారు. కోసి చప్పుడు చెయ్యకుండా బయట తాళం వేసి, తాళంచెవిని కొంగున ముడేసుకుంది. అగ్గిపెట్టె కూడా ఆ ముడిలోనే ఉంది.

ఇప్పపువ్వు రాలే రోజులు. చెట్టు కింద ఎండుటాకులు ముందే కాల్చి నేల శుభ్రం చెయ్యకపోతే తెల్లారి పువ్వు ఏరలేం. ఏటా అందరం చేసే పనే. కోసి పెరట్లో ఇప్పచెట్టు కింద కొంగుముడి విప్పి, అగ్గిపెట్టె తీసి పుల్ల గీసింది. మంట దాటిపోకుండా చుట్టూ ఊడవాలి కదా, ఊడవలేదు.

"ఎన్నేండ్లసంది చేస్తున్న, ఇదేమన్న కొత్తనా అనుకున్ననన్నా," అంది తర్వాత నాతో.

గాలి తిరిగింది. మంట ఆకుల మీదుగా పాకుతూ గడ్డికప్పు వైపు నడిచింది. కోసి కొంగు తడుముకుంది. తాళంచెవి లేదు. ముడి విప్పినప్పుడు ఆకుల్లో జారిపోయింది, ఆ ఆకులే ఇప్పుడు మండుతున్నాయి.

గొడ్డలి అందుకుని తలుపు మీద పడింది. భయంలో తెలుగు మరిచి, తన ఇంటి భాష దోర్లీలో అరవడం మొదలుపెట్టింది. లోపల శాంతిప్రియ ఉలిక్కిపడి లేచింది. లాగితే తలుపు రావడం లేదు. బయట ఎవరో తెలియని భాషలో అరుస్తూ తలుపు నరుకుతున్నారు. ఆమె ఏం చేసిందో తెలుసా? మంచం ఈడ్చి తలుపుకు అడ్డం పెట్టింది. ఎవరైనా అదే చేస్తారు.

తాళం కొండి ఊడింది. తలుపు మాత్రం వేలెడు సందిచ్చి, మంచానికి తగిలి ఆగింది. లోపల పిల్ల ఏడుపు. పైన కప్పు అంచు పొగలేస్తోంది. కోసి గొడ్డలి కింద పారేసి, చెక్కకు నోరానించి, తెలుగులో పిలిచింది.

"రీనా, నేను బిడ్డా, కోసమ్మను. పొద్దుగాల నీకు జావ పోసిన. అమ్మతోటి మంచం తియ్యమను. నిప్పొస్తంది బిడ్డా."

మంచం కదిలిన చప్పుడైంది.

తల్లీకూతుళ్ళు బయటికొచ్చేసరికి పచ్చి కొమ్మలతో మంటను బాదుతున్న మనిషొకడు కనిపించాడు. ఇర్మా. కప్పు అంచును కర్రతో లాగి కింద పడేసింది కూడా అతనే. ముంజేతులు బొబ్బలెక్కాయి.

శాంతిప్రియ పిల్లను గుండెకు అదుముకుని వెనక్కి వెనక్కి నడిచింది. మంట కన్నా ఆమెకిప్పుడు కోసిని చూస్తేనే భయంగా ఉంది.

"మేం లోపలుండగా తాళమెందుకేసినారండీ? ఏటి చేద్దామనీ?"

"మిమ్ముల ఏం చెయ్యడానికి కాదమ్మా. నిప్పు నేనే పెట్టిన, తాళం నేనే ఏసిన. మీ సామాన్లు ఎవరన్న..."

అక్కడ ఆగిపోయింది. ఇర్మా కొమ్మ పట్టుకుని అలాగే నిలబడి, ఆ మాట పూర్తవుతుందేమోనని చూస్తున్నాడు. కోసి పూర్తి చెయ్యలేదు. అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది.

సాయంత్రం బస్సుకే శాంతిప్రియ వెళ్ళిపోయింది. మర్నాడు తెల్లారి నల్లటి బూడిద మీద పువ్వు తెల్లగా రాలింది. పువ్వుల మధ్య తాళంచెవి కనబడింది. తియ్యడానికి కోసికి చెయ్యి రాలేదు. దాని చుట్టూ ఉన్న పువ్వంతా ఏరి, ఇర్మా ఇంటి ముందు గంప దించి వచ్చింది.