టీవీలో పిల్లను తిట్టిన రోజు

నా చిన్నప్పుడు జమ్మలమడుగులో మా వీధికంతా ఒకటే టీవీ. అది పక్కింటి అక్కవాళ్ల నాన్న కొన్నది. అందులో వారానికొకసారి, పదమూడు వారాల్లో అయిపోయే ప్రేమకథ సీరియల్ ఒకటి వచ్చేది. వీధిలో ఆడవాళ్లంతా విత్తనాలకు ఒలవాల్సిన శెనక్కాయలు చేటల్లో పోసుకుని మరీ చూడటానికి వచ్చేవాళ్లు. చేతుల పని చేతులదే, నోటి పని నోటిదే. ఆ కొత్త జంట నవ్వితే మేమూ నవ్వేవాళ్లం, అత్త మూతి ముడిస్తే శాపనార్థాలు పెట్టేవాళ్లం. అంత బాగుండేది ఆ కథ.

ఆ అక్క మాత్రం మాతో కూర్చునేది కాదు. మెట్టినింట్లో బాధలు పడలేక రెండు నెలల ముందే పుట్టింటికి వచ్చేసింది. వంటింటి గడప దగ్గర నిలబడే చూసేది. ఎవరైనా దప్పికంటే చెంబుతో నీళ్లు తెచ్చిచ్చి మళ్లీ అక్కడికే పోయేది.

ఒక వారం సీరియల్లో ఆ పిల్ల, మొగుడితో మాటామాటా పెరిగి, పెట్టె సర్దుకుని పుట్టింటికి వచ్చేసింది. ఇక చూడండి. అంతవరకు ఆమెను నెత్తిన పెట్టుకున్నవాళ్లే దుమ్మెత్తిపోశారు. కన్నవాళ్ల పరువు తీసిందన్నారు, సర్దుకుపోవడం తెలియదన్నారు. పదేళ్లదాన్ని, నేనేం తక్కువ తిన్నానా! అందరికంటే గట్టిగా, "దీనికి సిగ్గు లేదు!" అని అరిచాను. పెద్దవాళ్లు నవ్వారు. నాకు గర్వంగా కూడా అనిపించింది.

మా జేజి, అంటే మా నాన్నను కన్న తల్లి, చేట కింద పెట్టింది.

"పుట్టింటికి రాకుండా యాడికి పోవల్ల మే ఆ బిడ్డ? పెన్నేట్లో పడి సావల్నా? ఆడ నీళ్లు గూడా లేవు గదా! నేనైతే శానా మెచ్చుకుంటాండా. బతకల్లని వచ్చిండాది."

అప్పుడు చూశాను గడప వైపు. అక్క చేతిలో చెంబు ఒరిగి నీళ్లు నేలమీద కారుతున్నాయి, ఆమెకు తెలియడం లేదు. మేము కూర్చున్నది ఆమె ఇంట్లో, తాగుతున్నది ఆమె తెచ్చిన నీళ్లు. తర్వాత ఒకామె, "అవునత్తా, అమ్మ ఉండాది గాబట్టి సరిపాయ" అంది. ఇంకొకామె ఆ పిల్ల ధైర్యాన్ని పొగిడింది. అక్క మెల్లగా వచ్చి మా జేజి పక్కన కూర్చుని, చేటలోంచి గుప్పెడు కాయలు తీసుకుంది. చివరి వారం దాకా ఆమె చోటు అదే అయింది.

ఇంటికి పోతూ నేను ఏడ్చాను. "నీకు నోరుండాదని తెలుసు పాపా, కండ్లు గూడా ఉండాయనుకుంటి" అంది జేజి. ఒక దెబ్బ వేసినా అంత నొప్పి పుట్టేది కాదు.

ఇప్పుడు మా మనవరాలు ఫోన్లో ఐదారు ఎపిసోడ్ల ప్రేమకథలు చూపిస్తుంది. ఈ కాలం పిల్లలు ఎంత బాగా తీస్తున్నారో! కింద జనం రాసే మెప్పులు చదివించుకోవడం నాకు ఇంకా ఇష్టం. కానీ అవి ఎవరెవరు చదువుతున్నారో ఫోన్లో కనబడదు. మొన్న ఒక కథలో అమ్మాయి పుట్టింటికి వచ్చేస్తే, అన్ని మెప్పుల మధ్య ఒకరిద్దరు ఆమెను తిట్టారు. నేను మనవరాలి చేత, "మంచి పని చేసినావు తల్లీ, లోపలికి రా" అని రాయించాను. కాసేపటికి పేరు చెప్పని ఎవరో దాని కింద ఒక దండం బొమ్మ పెట్టారు. ఏ ఊరి బిడ్డో.