డాబా మీద వేసిన దుబాయ్ లెక్క

నా జన్మలో తు.చ. తప్పకుండా సరిపోయిన లెక్క ఒకే ఒక్కటుంది. మా అక్క కాపురం కూల్చినంత పని చేసిందీ అదే.

శంషాబాద్‌లో విమానాలు దిగడం మొదలైన రెండో ఏడో, మూడో ఏడో. రన్‌వేకి పడమట మా ఊరు. చలికాలమంతా విమానాలు మా డాబా మీదుగానే దిగేవి. తోక రంగు చూసి ఏది ఎక్కడి నుంచి వస్తోందో చెప్పేవాణ్ణి. ఇరవై రెండేళ్ల వయసు కదా, ఎయిర్‌పోర్టును నేనే నడుపుతున్నట్టు ఉండేది.

మా బావ దుబాయ్‌లో పనిచేసేవాడు. ఆయన వెళ్లాకే పాప పుట్టింది. దానికి ఐదో నెల వచ్చినా ఫోటోలో తప్ప చూడలేదు. చివరికి జూన్‌లో సెలవు దొరికింది. ఫోన్లో నన్ను ఒక్కటే కోరాడు.

“బయటికి రాంగనే బిడ్డ మొఖం కనిపియ్యాలె బామ్మర్దీ. నాకింకేం వద్దు.”

“గా పని నాకిడిసిపెట్టు బావా” అన్నాను.

ఇక లెక్క వినండి. దూరం రెండున్నర వేల కిలోమీటర్లు, ప్రయాణం మూడున్నర గంటలు. అక్కడ ఉదయం పదింటికి బయల్దేరుతుంది. వాళ్ల గడియారం మనకన్నా గంటన్నర వెనక. నేను బోల్తా పడింది ఇక్కడే అనుకుంటున్నారేమో, పడలేదు. మధ్యాహ్నం మూడింటికి దిగాలి. స్టాంపులకూ పెట్టెలకూ ఇంకో గంట. ఇంటి నుంచి జీపులో పావుగంట. పసిపిల్లను అక్కడ ఎండలో నిలబెట్టడం దేనికి? డాబా మీద నుంచి బావ విమానం కనిపించాక బయల్దేరితే చాలదూ!

అక్క పాపకు కాటుక పెట్టి, కొత్త గౌను వేసి, రెండున్నరకే జీపులో కూర్చుంది. నేను దిగమన్నాను. మూడయింది, మూడున్నర అయింది. విమానాలు కనిపిస్తూనే ఉన్నాయి, కానీ అన్నీ ముక్కు పైకెత్తి పడమటికి ఎగిరిపోతున్నాయి.

“ఇయ్యాల అందరు పోయెటోళ్లే ఉన్నరక్కా, ఒక్కడు గూడ వస్తలేడు” అని పైనుంచి కబురు చెప్పాను.

గాలి మళ్లితే విమానాలు దిగే వైపూ మారుతుందని నాకేం తెలుసు? ఆ వారమే వానగాలి మళ్లింది. వచ్చేవన్నీ తూర్పున కందుకూరు దిక్కు నుంచి నిక్షేపంగా దిగుతున్నాయి. నాలుగు దాటాక ఎవరిదో కొత్త నంబరు నుంచి నాలుగుసార్లు ఫోను మోగింది. ముఖ్యమైన పనిలో ఉన్నాను కదా, నాలుగుసార్లూ కట్ చేశాను.

విమానానికి ఏమైనా అయిందేమోనని కింద అక్క ఏడుపు మొదలుపెట్టింది. నిజం చెప్పాలంటే నాకూ అదే భయం. ఆకాశం మీంచి చూపు తిప్పలేదు. అంతలో వాకిట్లో ఆటో ఆగిన చప్పుడు.

“ఏం జూస్తున్నవ్?” అన్నారెవరో కింద నుంచి.

“మా బావ విమానం” అన్నాను, తల దించకుండానే.

“అది దిగి గంటన్నరాయె. ఇగ నువ్వు గూడ దిగు.”

నేను దిగేసరికి పెట్టెలు ఆటోలోనే ఉన్నాయి, బావ మాత్రం అక్క ఒళ్లోని పాప ముందు మోకాళ్ల మీద ఉన్నాడు. అది ఆయన్ని తేరిపార చూసి మీసం పట్టుకుంది. బావ ఏడ్చాడు. నాకు సిగ్గూ సంతోషమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. నన్ను తిట్టడం ఆయనకు మూడు రోజుల తర్వాత గానీ గుర్తు రాలేదు.

నెల తర్వాత ఆయన తిరుగు ప్రయాణం. నాలుగు గంటల ముందే ఎయిర్‌పోర్టు గేటు దగ్గర దింపాను. లోపలికి పోతూ బావ భుజం మీద చెయ్యి వేశాడు.

“ఇంటికి పొయ్యి డాబా ఎక్కు. ఈసారి మీ ఇంటి మీదికెల్లే పోత. బిడ్డను జర ఎత్తి చూపెట్టు.”

ఎత్తాను. పాప చేతులూపింది. ఆ విమానం బావదేనా అని మాత్రం నన్ను అడగకండి. తోక రంగు చూసి చెప్పడం ఈ జన్మకు మానేస్తానని, మా నీళ్ల ట్యాంకు మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టుకున్నాను. అందుకే ఆ సాయంత్రం మా మీదుగా పోయిన ప్రతి విమానానికీ పాపను ఎత్తాను.