పొడి జుట్టు మీద దువ్వెన

కనకకి కోపం ఎక్కువని సంతలో అందరూ చెప్పుకుంటారు. చెప్పుకోనివ్వండి. చింతపండు తూకంలో మోసం చేశాడని ఒక షావుకారి తక్కెడ లాక్కుని గెడ్డ నీళ్ళలో పారేసిన మనిషి ఆమె. ఆ సంగతి ఇప్పుడు నవ్వుతూ చెప్పేవాళ్ళలో ఒక్కరూ ఆ రోజు ఆమె పక్కన నిలబడలేదు. నాకూ కోపం ఎక్కువే. కాకపోతే నాది గొంతు దాకా వచ్చి ఆగిపోయే ఉద్యోగస్తుల కోపం. ఎవరికీ పనికిరాదు.

కనకది కొర్రగుడ. మా బడికి ఏడు కిలోమీటర్ల పైన, కొండ మీద ఉంటుంది. కొండదొర తెగ ఆడపడుచు, ముప్పై అయిదేళ్ళుంటాయి. కాఫీ తోటలో పళ్ళు కోస్తుంది, ఇంటి వెనక చెక్కలో రాజ్‌మా, చోళ్ళు పండిస్తుంది. భర్త మూడేళ్ళ కింద జ్వరంతో పోయాడు. ఒక్కతే కూతురు, రాజకుమారి. ఊరంతటికీ రాజి. అరకు దగ్గర మా ఆడపిల్లల హాస్టల్లో ఉండి ఆరో తరగతి చదువుతోంది. నేను అక్కడ తెలుగు టీచర్ని. పేరు సుజానా, మాది కొయ్యూరు.

తల్లీకూతుళ్ళిద్దరిదీ ఉంగరాల జుట్టు. పార్లర్లో చుట్టించుకుంటే వచ్చే ఉంగరాలు కావు, పుట్టుకతో వచ్చినవి. వాటిని ఎలా చూసుకోవాలో కనకకి తెలిసినంత బాగా నేను చూసినవాళ్ళలో ఎవరికీ తెలియదు. వేసవి సెలవుల్లో ఒక ఆదివారం వాళ్ళింటికి వెళ్ళినప్పుడు చూశాను. కూతుర్ని గెడ్డ ఒడ్డున రాయి మీద కూర్చోబెట్టి ముందు తల పూర్తిగా తడిపింది. తడి మీదే వలిసె నూనె పట్టించింది. వేళ్ళతో కొసల దగ్గర మొదలుపెట్టి మెల్లగా పైకి విడదీసింది. ఆ తరవాత వెడల్పు పళ్ళ కర్ర దువ్వెన. ఆ తరవాత నానబెట్టిన శీకాయ, దాని మీద పల్చటి గంజి. పాత నూలు చీర ముక్కతో నీళ్ళు ఒత్తింది తప్ప రుద్దలేదు. చివరికి పాయ పాయా వేలికి చుట్టి వదిలేసింది. అంతే, మళ్ళీ ఆదివారం దాకా ఆ తలకి దువ్వెన తగలదు.

"ఎండినాక ముట్టుకున్నావంటే సెయ్యిరిసేత్తాను గుంటా" అంది కూతురితో. రాజి కిసుక్కున నవ్వింది.

ఆ రోజే నాకు ఇంకో సంగతి తెలిసింది. కొర్రగుడలో ఆడపిల్ల జుట్టుకి కత్తెర తగిలేది ఒకే ఒక్కసారి, తల్లి పోయినప్పుడు. అలా జుట్టు తీసిన పిల్ల, మళ్ళీ అది ముడి పడేంత పెరిగేదాకా ఊరు దాటకూడదు. కనక చిన్నప్పుడు ఏదో హాస్టల్లో అయిదో తరగతి చదివేది. పేలు పట్టాయని అక్కడ కత్తిరించేశారు. తల్లి నిక్షేపంలా ఉంది, అయినా ఊళ్ళో ముసలివాళ్ళు ఒప్పుకోలేదు, ఆచారం ఆచారమే అన్నారు. జుట్టు ముడి పడేసరికి రెండేళ్ళు గడిచాయి. ఉంగరాల జుట్టు సాగి ఉండదు కదా, ముడికి అందడానికి మరీ ఆలస్యం. ఈలోగా పుస్తకాలు మేక తినేసింది, బడి కనకని మరిచిపోయింది. ఇవాళ ఆమె తన పేరు రాయగలదు, బస్సు బోర్డు చదవగలదు. అక్కడితో సరి.

అందుకే రాజి చదువంటే ఆమెకి ప్రాణం. రాజి నెత్తి మీద కత్తెర పడితే ఆ చదువు కూడా అక్కడితో సరి. ఇది నాకు తెలుసు. తెలిసి కూడా నేను చేసిన నిర్వాకం వినండి.

జూలైలో కొత్త వార్డెన్ వచ్చారు, నాగలక్ష్మి గారు. ఆవిణ్ణి రాక్షసిగా చూపిస్తే నా పని తేలికవుతుంది. కానీ నూట నలభై మంది పిల్లలు, రెండు కుళాయిలు, తల తలకీ పేలు. ఆవిడ కష్టాలు ఆవిడవి. కాకపోతే ఏ కష్టానికైనా ఆవిడ దగ్గర ఉన్న మందు ఒకటే, నోటీసు. ఒక గురువారం బోర్డు మీద ఇలా రాయించారు: రోజూ పొద్దున్నే ప్రతి పిల్లా తల దువ్వించుకుని, రెండు జడలు బిగించి, రిబ్బన్లు కట్టుకుని ప్రార్థనకి రావాలి. జడలు కుదరని తలలు కత్తిరించబడును. వచ్చే గురువారం పైఅధికారుల తనిఖీ.

కుదరని తలలట! తల దేవుడిచ్చింది, జడ మనం వేసేది. కుదరనిది ఏది? అప్పుడే అడగాల్సింది, అడగలేదు. పైగా మంచి చేస్తున్నాననుకుని శుక్రవారం పొద్దున్న రాజిని పిలిచి నా ముందు కూర్చోబెట్టుకున్నాను. చేతిలో నా సన్నపళ్ళ దువ్వెన. నాది చువ్వల్లాంటి జుట్టు. దువ్వెన పెడితే జారిపోతుంది. అందరిదీ అంతే అనుకున్నాను. లేదు, అలా అనుకోలేదు. గెడ్డ దగ్గర కళ్ళారా చూసి కూడా, టైము లేదనుకున్నాను.

"మేడమ్, తడిపి దువ్వాల. మాయమ్మ..." అంది రాజి.

"మీ అమ్మ సంగతి తరవాత. కదలకుండా కూర్చో" అన్నాను.

పొడి జుట్టు. ఒక్కో ఉంగరం తెగి, ఉబ్బి, పక్కదానికి చుట్టుకుంది. దువ్వెన పళ్ళు రెండు విరిగాయి. ఆ పిల్ల కళ్ళ నీళ్ళు ధారగా కారుతున్నా నోరెత్తలేదు. గంట మోగేసరికి మెడ వెనక గుప్పెడంత చిక్కుముద్ద తయారైంది. దాని మీదే రిబ్బన్లు బిగించి ప్రార్థనకి తరిమాను.

నాగలక్ష్మి గారు వరసలో ఆగి, ఆ ముద్దని రెండు వేళ్ళతో పట్టుకుని చూశారు. "ఈ పిల్ల నెల నుంచీ తల దువ్వుకోలేదు. సోమవారం మంగలిని పిలిపించండి" అన్నారు. నేను ఆవిడ పక్కనే నిలబడి ఉన్నాను. ఇది నేను అరగంట క్రితం పెట్టిన చిక్కండీ అని ఒక్క మాట అంటే సరిపోయేది. నాకు ప్రొబేషన్ ఇంకా పూర్తికాలేదు.

సాయంత్రం రాజి నా దగ్గరికి వచ్చింది. "మాయమ్మ బతికే ఉంది కదా మేడమ్, నాకెందుకు కోత్తారు?" అని అడిగింది. రేపు అడుగుదాంలే అన్నాను. శనివారం కూడా అడగలేదు.

ఆదివారం తల్లిదండ్రులు వచ్చే రోజు. కనక ఎప్పటిలాగే ఉడికించిన కర్రపెండలం, వలిసె నూనె సీసా, శీకాయ మూట పట్టుకుని నడిచి వచ్చింది. కూతురి తల చూసి మూట కింద పెట్టింది.

"ఏటిది? ఎవులు దువ్వినారు పొడి జుట్టు?"

నేను నోరు తెరిచాను. రాజి నా వైపు చూసి, నాకంటే ముందే చెప్పేసింది. "నానే దువ్వుకున్నానమ్మా."

కనక చెయ్యి చెళ్ళుమంది. పిల్ల చెంప మీద నాలుగు వేళ్ళూ తేలాయి. "ఎన్నిసార్లు సెప్పినాను నీకు? కత్తెరేయించుకుని నాలాగ పళ్ళు కోసుకుని బతుకుతావేటి?" అంటూ తనే ఏడ్చింది. రాజి మాత్రం ఏడవలేదు, తల వంచుకుని నిలబడింది. నేను ఇద్దరికీ మధ్యన నిలబడి, సోమవారం సంగతి చెప్పాను. నా సంగతి చెప్పలేదు.

కనక హాస్టల్ వెనక కుళాయి దగ్గర కూతుర్ని కూర్చోబెట్టి పదింటికి పని మొదలుపెట్టింది. సగం సీసా నూనె ఆ ముద్దలోకి ఇంకించి గంటసేపు నాననిచ్చింది. కొప్పులోంచి ఏదుపంది ముల్లు తీసి, దాని మొనతో ఒక్కొక్క వెంట్రుకనీ లాగకుండా తప్పించడం మొదలుపెట్టింది. ఒక్కటి తెగినా "అయ్యో" అనేది, తన ఒంట్లోంచి తెగినట్టు. మధ్యాహ్నం అన్నం గంట మోగింది, ఆమె లేవలేదు. వంటమనిషిని అడిగి తలకి కావలసిన గంజి నేను తెచ్చిచ్చాను. "దేవుడు సల్లగా సూడాల మేడమ్ మిమ్మల్ని" అంది. ఆ దీవెన విన్న చెవులు ఇప్పటికీ మండుతున్నాయి.

నాలుగున్నరకి చిక్కు మొత్తం వీడింది. శీకాయ పెట్టి కడిగి, గంజి పోసి, పాయలు వేలికి చుట్టి వదిలింది. ఎండేసరికి నల్లటి ఉంగరాలు భుజాల మీద వరసగా నిలబడ్డాయి. పేను కాదు కదా, ఈరు కూడా లేదు. ఆ రాత్రి కనక ఇంటికి వెళ్ళలేదు, వరండాలోనే పడుకుంది.

సోమవారం పొద్దున్న వేపచెట్టు కింద కుర్చీ వేశారు. సంతలో క్షవరాలు చేసే మల్లేశు పెట్టె తెరిచాడు. నాగలక్ష్మి గారు రాజి తల అటూ ఇటూ తిప్పి చూశారు.

"శుభ్రంగానే ఉంది. కానీ ఇది జడలో ఇముడుతుందా? తనిఖీకి వచ్చేవాళ్ళకి ఈ అడవి చూపించనా? కూర్చోబెట్టవయ్యా."

అడవి! నూనెతో, గంజితో, ఆరున్నర గంటల ఓపికతో ఒక తల్లి దిద్దిన తలని పట్టుకుని ఆవిడ అన్న మాట అది. నా పిడికిళ్ళు బిగుసుకున్నాయి. పిడికిళ్ళు బిగిస్తే ఎవడికి లాభం?

కనక కూతుర్ని పక్కకి తోసి తనే కుర్చీలో కూర్చుంది. కొప్పు విప్పింది. రాజి జుట్టుకి రెండింతలు ఉన్న ఉంగరాలు నడుము దాకా పడ్డాయి.

"ముందర నాది కొయ్యి" అంది మల్లేశుతో.

"ఏంటమ్మా ఈ నాటకం?" అన్నారు వార్డెన్.

"నాటకం కాదు మేడమ్. మా ఊర్లో గుంట జుట్టు కోసినారంటే తల్లి సచ్చిపోయినట్టే. సచ్చిపోయినదానికి జుట్టెందుకు? నాది కోసీసి, అప్పుడు దానిది కొయ్యండి. ఆ నోటీసులో నా పేరు కూడా రాసీయండి. ఎలాగ సచ్చిపోయినానో కూడా రాయండి."

గొంతు పెంచలేదు. నూట నలభై మంది పిల్లలకీ వినిపించింది. మల్లేశు కత్తెర పెట్టెలో పడేశాడు. "నావల్ల కాదు మేడమ్. బతికున్న మనిషికి సావు క్షవరం సెయ్యమంటే నాను సెయ్యను."

నాగలక్ష్మి గారి మొహం ఎర్రబడింది. నా వైపు తిరిగారు. "సుజానా గారూ, మీరు చెప్పండి. శుక్రవారం ఈ పిల్ల తల ఎలా ఉందో మీరూ చూశారు కదా?"

అప్పుడు చెప్పాను. మూడు రోజులు ఆలస్యంగా. "ఆ చిక్కు పెట్టింది నేనండీ. పొడి జుట్టు నా దువ్వెనతో దువ్వాను. ఆ పిల్ల వద్దంది, నేను వినలేదు. అంతకుముందు దాని తల బాగానే ఉంది. కత్తిరించడానికి కారణం ఏమీ లేదు. కత్తిరిస్తే ఈ పిల్ల రెండేళ్ళు బడికి రాదు. అది కూడా నాకు తెలుసు."

ఆవిడ "మీరు ఆఫీసుకి రండి, మెమో ఇస్తాను. జడలు కుదరని పిల్లలు జుట్టు వెనక్కి తీసి ఒకే రిబ్బను కట్టుకుంటే చాలు" అనేసి లోపలికి వెళ్ళిపోయారు. ఇంత గొడవా ఒక్క రిబ్బనుతో తీరేదే. మల్లేశు పెట్టె మూసి సైకిలెక్కాడు. పిల్లలు గోల గోలగా క్లాసులకి పరిగెత్తారు. రాజి కూడా వాళ్ళలో కలిసిపోయింది, భుజాల మీద ఉంగరాలు ఎగురుతుంటే.

కనక లేచి కొప్పు చుట్టుకుంది. నేను దగ్గరికి వెళ్ళాను. నాకు సిగ్గు లేదు కాబోలు, ఆమె నన్ను మెచ్చుకుంటుందని లోపల ఎక్కడో ఆశపడ్డాను. చివరికైనా నిజం చెప్పాను కదా, పిల్ల చదువు నిలిచింది కదా అని. ఆమె ఖాళీ సీసా మూటలో పెట్టుకుంది. అప్పటిదాకా నన్ను మీరు అనే మనిషి.

"నిన్న నా గుంటని కొట్టినాను. నీ ముందరే కొట్టినాను" అంది. "సూత్తా ఊరుకున్నావు కదా."

మూట నెత్తిన పెట్టుకుని గేటు దాటి వెళ్ళిపోయింది.