నా చెవులు చెప్పిన సాక్ష్యం

ఆళ్లగడ్డ పక్క మా పల్లెలో మగాళ్లంతా కిర్రు చెప్పులే వేసేవాళ్లు. ఏ కిర్రు ఎవరిదో ఇంటి ఆడవాళ్లకు కంఠతా వచ్చు. ఎదురింటాయనకూ మాకూ పగ. ఆయన చెప్పుల చప్పుడు వినబడితే చాలు, అమ్మ తలుపేసేది.

డెబ్బైల చివర్లో నేను నంద్యాలలో డిగ్రీ చదువుతున్నాను. సెలవులకు ఇంటికొచ్చిన మర్నాడు, పట్టపగలు, కళ్లంలో గడ్డివాము వెనకనుంచి ఎవరో నాయన మీద బాంబు వేశారు. నాయన పేగులు చేత్తో అదుముకుని, పొగలో నా వైపు నాలుగడుగులు తూలి కూలబడ్డాడు. ఎద్దుల రంకెలు, ఆడవాళ్ల ఏడుపులు నాకు ఒక్కటీ వినబడలేదు. కిర్రు, కిర్రు. అదొక్కటే, తలలో మేకు దిగినట్టు.

అన్న పరిగెత్తుకొచ్చి నా రెండు భుజాలూ పట్టి ఊపేశాడు. "ఎవురు పాపా?"

"ఎదురింటాయనే. చెప్పుల చప్పుడు ఇన్యా."

అన్న గొడ్డలితో పోయి, వెనకే పరిగెత్తిన నా కళ్లముందే ఆయన్ను ఆయన అరుగు మీదే నరికాడు. నాలుగో వేటుకు తల వేలాడింది. సంబరపడ్డాను, దాచడమెందుకు! నెత్తుట్లో తన్నుకుంటున్న కాళ్లు చూశాకే ఆ సంబరం ఆగింది. ఒట్టి కాళ్లు. చెప్పులు కుట్టే తాత తర్వాత నన్ను పక్కకు పిలిచాడు. "ఆయప్ప చెప్పులు మూడు దినాల్నుంచి నాకాడే ఉండాయమ్మా. ఎవురితో చెప్పాకు."

అన్నకు యావజ్జీవం పడింది.

మరుసటేడు జంతుశాస్త్రం క్లాసులో నార్అడ్రినలిన్ అనే రసాయనం గురించి పాఠం వచ్చింది. భయపడ్డప్పుడు అది మెదడులో ఊరి, వినికిడి కణాలు ఊరికే చేసే ఉత్త వాగుడును అణిచి, ఒక్క శబ్దాన్ని ఎత్తి చూపుతుందట. లేచి అడిగాను. "ఎత్తి చూపిందల్లా నిజమేనా సార్?"

"కణానికి నిజం, అబద్ధం ఏం తెలుసమ్మా? గట్టిగా పలుకుతుంది, అంతే."

థూ, నా చెవులు పాడుగాను! ఆ రోజు నా వైపు తూలుతూ వచ్చిన నాయన కాళ్లకున్నవీ ఆ తాత కుట్టిన కిర్రు చెప్పులే.

జైలుకు పోయినప్పుడల్లా అన్న ఊచలు పట్టుకుని అదే అడిగేవాడు. ఈసారి నిజం చెప్పేద్దామనే పోయాను.

"నువ్వు ఇన్యావ్ గదా పాపా?"

అన్న ఊచల్లో మొహం పెట్టి నా నోటివైపే చూస్తున్నాడు. "ఇన్యా, అన్నా," అన్నాను. అన్న నిమ్మళంగా నేను తెచ్చిన సద్దిమూట అందుకున్నాడు.