పొయ్యి వెలిగిందో లేదో చూసే మేడమ్

మా మేడమ్ పోయిన మంగళవారం కన్నుమూశారు. నేను ల్యాబ్‌లో శాంపిల్ డబ్బాలకు లేబుళ్లు అంటిస్తుంటే ఆవిడ కూతురు ఫోన్ చేసింది. ఇంగ్లిష్‌లో మొదలుపెట్టి, "అమ్మ నిద్రలోనే వెళ్లిపోయింది" అని తెలుగులో ముగించింది. ఫోన్ పెట్టేసి మిగతా లేబుళ్లు కూడా అంటించాను. పని మధ్యలో వదిలేస్తే ఊరుకునే మనిషి కాదు ఆవిడ, పోయినా సరే.

అమెరికాలో, జార్జియా రాష్ట్రంలోని కమ్మింగ్ ఊళ్లో ఉండే మా తెలుగువాళ్లకు ఆవిడ వృత్తి పెద్ద ఇబ్బంది. పుట్టినరోజు పార్టీల్లో ఎవరైనా "మీరేం చేస్తుంటారండీ?" అని అడిగితే, తెలిసినవాళ్లు "బయాలజీ, బయాలజీ" అంటూ అడ్డుపడేవారు. ఆవిడ పులిహోర వడ్డించుకుంటూ, "మగవాళ్ల వీర్యకణాలు సరిగ్గా ఈదుతున్నాయో లేదో చూస్తానండీ" అనేవారు. భోజనాల లైన్ సగం ఖాళీ అయ్యేది. "త్వరగా తినాలంటే నిజం చెప్పాలి" అని నాకు ఉపదేశం.

మాస్టర్స్ అయ్యాక నాకు ఉద్యోగం ఇచ్చింది ఆవిడే, సంతాన వైద్యం చేసే ఒక చిన్న క్లినిక్‌లో. మా ఇంట్లో మాత్రం నేను 'హెల్త్‌కేర్'లో ఉన్నానని చెప్పుకుంటారు.

మొదటిరోజే మైక్రోస్కోప్ ముందు కూర్చోబెట్టారు. "తల కింద మెడకి శక్తి పుట్టించే మైటోకాండ్రియా చుట్టుకుని ఉంటాయి. అదొక పొయ్యి. తోక పొడవునా చక్కెరని విరిచి కణం ఇంకొంత శక్తి తీసుకుంటుంది. అది రెండో పొయ్యి. తోక కదలాలంటే పొయ్యి వెలగాలి. కోట్లమంది ఉన్నా, పొయ్యి ఆరితే ఒక్కడూ గుమ్మం దాటడు."

"అచ్చం మా హాస్టల్‌లాగే, మేడమ్" అన్నాను.

"ముందు చూడు, తర్వాత జోకెయ్. జోకు ఎక్కడికీ పోదు. ఇవి పోతాయి."

మా పెదనాన్నగారి అబ్బాయి, మా అన్నయ్య, కూడా కమ్మింగ్‌లోనే ఉంటాడు. పెళ్లయి చాలాకాలమైనా పిల్లల్లేరు. పరీక్షలన్నీ వదినకే. అన్నీ నార్మల్ వస్తే, మళ్లీ వదినకే. ఇండియా నుంచి పెద్దమ్మ ఫోన్‌లో పూజలు చెబితే అవీ వదినకే. ఓసారి పుట్టలో పాలు పొయ్యమంది. జార్జియాలో పుట్ట ఎక్కడ దొరుకుతుంది? వదిన గ్లాసు పట్టుకుని బ్యాక్‌యార్డ్ అంతా తిరిగింది, నిజంగా పాము వస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలో కనుక్కుని మరీ. అన్నయ్య మాత్రం "నాకేంట్రా, రోజూ జిమ్‌కెళ్తా" అనేవాడు.

ఒకరోజు వదిన మామూలు గొంతుతో, "ఇంకో పూజ అంటే నేను మా అమ్మ దగ్గరికి వెళ్లిపోతా. మళ్లీ రాను" అంది. ఆ మాట మేడమ్‌కి చెప్పాను.

"శుక్రవారం పొద్దున్నే మీ అన్నయ్యని రమ్మను. జిమ్ బట్టల్లో వచ్చినా పర్లేదు."

అన్నయ్య ఇంట్లోనే శాంపిల్ తీసి తెచ్చాడు. ఎలా తెచ్చాడు? తలా ఒకటి వండి తెచ్చుకునే పాట్‌లక్ విందులకి పెరుగు తీసుకెళ్లే ఐస్ బ్యాగ్‌లో, అటూ ఇటూ ఐస్ ప్యాక్‌లు పెట్టి. స్క్రీన్ మీద ఒక్క కణమూ కదలలేదు. అన్నయ్య తలుపు దగ్గర నుంచే అది చూసేశాడు.

"అయితే ఇక నాకు అవకాశం లేనట్టేనా, మేడమ్?"

"ఐస్‌లో పెడితే ఎవరి పొయ్యైనా ఆరిపోతుంది నాయనా. ఇవేమన్నా చేపలా? ఒంటి వెచ్చదనంలో తెమ్మని కాగితం మీద రాసిచ్చాం కదా."

"పాడైపోతాయేమోనని..."

"మనవాళ్లకి ఫ్రిజ్ మీద ఉన్న నమ్మకం దేవుడి మీద కూడా లేదు. ఇది లెక్కలోకి రాదు. మళ్లీ రా."

రెండోసారి శాంపిల్ క్లినిక్‌లోనే ఇచ్చాడు. వదిన కూడా వచ్చింది. మేడమ్ ముందు తాను చూసి, తర్వాత అన్నయ్యని పిలిచి మైక్రోస్కోప్ ముందు కూర్చోబెట్టారు.

"బతికే ఉన్నాయి. తోకలు ఆడుతున్నాయి, కానీ ముందుకి పోవట్లేదు. శక్తి చాలట్లేదు. ఎందుకో డాక్టర్ చూస్తారు. అప్పటికీ నడవలేకపోతే, చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా దింపే దారులు మా దగ్గరున్నాయి."

అన్నయ్య చాలాసేపు తల ఎత్తలేదు. ఎత్తాక, అక్కడే నిలబడి పెద్దమ్మకి ఫోన్ చేశాడు.

"అమ్మా, సమస్య నా వైపుంది. తనకి ఇంకేం చెప్పకు." అవతల ఏదో అన్నారు. "అవునమ్మా, నాకే. జిమ్‌కీ దీనికీ సంబంధం లేదంట."

గోడకి అంటించిన, చేతులు కడుక్కునే పద్ధతి చూపించే బొమ్మనే చూస్తూ వదిన నిలబడింది. తర్వాత అన్నయ్య కారు తాళాలు అడిగి తీసుకుని, "నేను డ్రైవ్ చేస్తా, పద" అంది.

వాళ్ల ట్రీట్‌మెంట్ ఇంకా నడుస్తోంది. పూజలు ఆగాయి, వదిన ఉంది. మేడమ్ గురించి రాస్తానంటే అన్నయ్య, "నా పేరు రాయకు, మిగతాది రాసుకో" అన్నాడు.

ఆ రోజు వాళ్లిద్దరూ వెళ్లాక మేడమ్ మైక్రోస్కోప్ దగ్గరికి వచ్చారు. అన్నయ్య కళ్లు ఆనించిన రెండు అద్దాల మీదా తడి ఉంది. నేను జోకేమీ వేయలేదు. ఆవిడ మెత్తటి కాగితం తీసి ఒక అద్దం తుడిచారు. రెండోది తుడవబోయి ఆగి, "మీ అన్నయ్యకి ఈ పొయ్యి మాత్రం బాగానే వెలిగింది" అని, అదీ తుడిచారు.