గడ్డానికి పసుపు

మా ఇంట్లో రోజూ అందరికంటే ముందు నిద్ర లేచేవి సాంచాలు. మరమగ్గాలను మా దగ్గర అలాగే అంటారు, నాన్నను బాపు అనీ అమ్మను అవ్వ అనీ పిలిచినట్టే. బాపు స్విచ్ వేయగానే వెనక గదిలో రెండూ టకటకా మొదలవుతాయి, ఇక ఎంత ముసుగు తన్నినా నిద్ర పట్టదు. ఆ రోజు మాత్రం వాటికంటే ముందే నేను లేచాను. స్నానం చేసి, జడ వేసుకుని, చెప్పులు కూడా తొడుక్కుని గడప మీద కూర్చున్నాను. కరీంనగర్‌లోని చర్మం డాక్టరమ్మ నా గడ్డానికి లేజర్ మొదలుపెట్టే రోజు అది. పెళ్లికి పోయేవాళ్లకు కూడా అంత సంబరం ఉండదేమో.

నాకు ఇంటర్ చదివేటప్పుడు గడ్డం కింద వెంట్రుకలు మొదలయ్యాయి. నూగు కాదు, నల్లగా, బిరుసుగా. అవ్వ వాటిని దారంతో తీసేది. కండె నుంచి మూరెడు నూలు తెంపి, ఒక కొస పళ్ల మధ్య పట్టి, మిగిలింది వేళ్లకు మెలేసి గడ్డం మీద ఆడిస్తే ఒక్కటీ మిగిలేది కాదు, కానీ నాలుగు రోజులకే మళ్లీ గుచ్చుకునేవి. నాకు ప్రాణం పోయేది.

"జర మెల్లగ తియ్యవే అవ్వా!" అని అరిచేదాన్ని.

"అయిపాయె బిడ్డా, అయిపాయె," అనేది అవ్వ. అప్పటికి సగం కూడా అయ్యేది కాదు.

పెద్దయ్యాక బస్సు కండక్టర్ అయ్యాను. మాది కరీంనగర్ నుంచి చొప్పదండి మీదుగా పోయే రూటు. ఆడవాళ్లకు టికెట్ ఉచితం అయినప్పటి నుంచి బస్సులో కాలు పెట్టే సందు ఉండదు, ముఖాలన్నీ జానెడు దూరంలోనే. నా గొంతు బస్టాండ్ మొత్తానికి వినిపిస్తుంది, ఎవరైనా ఒక మాట అంటే నాలుగు అప్పజెప్పే రకాన్ని. కానీ కుదుపులకు కడ్డీ పట్టుకోవాల్సిన చెయ్యి ఎప్పుడూ గడ్డం మీద ఉండేది. ఎన్నిసార్లు ఎవరి ఒళ్లో పడ్డానో లెక్కలేదు.

అయినా బస్సుది పెద్ద బాధ కాదు, చున్నీ కట్టుకుంటే సరిపోయేది. నా అసలు దిగులంతా సద్దుల బతుకమ్మ. పాటలన్నీ అయ్యాక వాగులో బతుకమ్మలను వదిలి, పసుపు గౌరమ్మను పట్టుకుని ఆడవాళ్లందరూ ఒకరి ముఖానికి ఒకరు పసుపు పూసుకుంటారు. చెంపల నుంచి గడ్డం దాకా రెండు చేతులతో పూస్తారు. ఆ వేళ్లు నా గడ్డానికి తగిలితే? అందుకే బతుకమ్మ నీళ్లలో పడగానే నేను చీకట్లోకి జరిగేదాన్ని. ఎవరైనా చూసి పిలిచేలోపే అవ్వ ఎక్కడి నుంచో వచ్చి నా నుదుటికీ చెంపలకూ ఇంత పసుపు అద్ది, "దీనికి పెట్టిన, అయిపాయె," అని అందరికీ వినబడేలా చెప్పేది. అంతమందిలో ఆడి పాడి, చివరికి దొంగలా పక్కన నిలబడాలంటే నాకు ఒళ్లు మండేది. ఒక్క ఏడాదైనా అందరి చేతులూ నా ముఖానికి తగలాలి. నాకు కావలసింది అంతే.

మొదటిసారి చూపించుకోవడానికి పోయినప్పుడు అవ్వ కూడా వచ్చింది. డాక్టరమ్మ మంచిర్యాల మనిషి, మన మాటే మాట్లాడుతుంది. హార్మోన్ల పరీక్షలు రాసి, లేజర్ గురించి ఓపికగా చెప్పింది.

"ఎండల నల్ల అంగి ఎట్ల వేడెక్కుతదో సూడు, ఇది గూడ గంతే. లైటు పోయి వెంట్రుకల ఉన్న నలుపును పట్టుకుంటది. ఆ వేడి కిందికి దిగి కుదురును కాలుస్తది. నీ చామనఛాయకు సరిపోయే లైటు వేరే ఉంటది, అదే పెడ్త. ముందుగాల జరంత జాగల కొట్టి సూస్త, పడితేనే మిగిలింది."

"ఒక్కసారికి అన్నీ పోతయా మేడం?" అన్నాను ఆత్రంగా.

"పోవు. పెరిగేటియి కొన్నుంటయి, పండుకున్నయి కొన్నుంటయి. పెరిగేటియే లైటుకు దొరుకుతయి. పండుకున్నయి లేసినంక మళ్ల రావాలె. గందుకనే కొన్ని వారాలకు ఒకసారి, శానా సార్లు పడ్తది. ఎవలన్న మొత్తానికే పోతయంటే నమ్మకు. మస్తు తగ్గుతయి, వచ్చినా సన్నగ వస్తయి. నీది హార్మోన్ల సంగతి గాబట్టి మందులు గూడ వాడాలె, తర్వాత అప్పుడప్పుడు వచ్చి పోవాలె."

లేచేముందు అవ్వ అడిగింది. "తెల్లగైన వెంట్రుకలు గూడ పోతయా డాక్టరమ్మా?"

"పోవమ్మా. దాంట్ల నలుపే లేదు, లైటు దేన్ని పట్టుకుంటది? ఎవలకు?"

"ఎవలకు లేదు. ఊకెనే అడిగిన."

డాక్టరమ్మ చివరగా ఒక మాట గట్టిగా చెప్పింది. వచ్చే ముందు రోజు రేజర్‌తో గీసుకుని రావాలి, అంతే తప్ప దారం, వ్యాక్సింగ్, చిమటా ఏదీ ముట్టకూడదు. రేజర్ మాట వినగానే అవ్వ ముఖం మాడిపోయింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి. ఇంటికి రాగానే పంచాయితీ పెట్టింది.

"ఆడిపిల్ల మొఖానికి రేజరా? మొగోని లెక్క దట్టంగ మొలుస్తయే! తీసుడు తీసుడే గద, దేంతోటి తీస్తేంది?"

లేజర్‌కు పోయే ముందు రోజు సాయంత్రం నన్ను కూర్చోబెట్టి, తన చేతి పనితనమంతా చూపిస్తూ దారంతో నున్నగా తీసింది. నేనూ సరేనన్నాను. డాక్టరు దగ్గరికి శుభ్రంగా పోవాలి కదా అనుకున్నాను.

మరునాడు అంత సంబరంగా పోతే, డాక్టరమ్మ నా గడ్డం పైకెత్తి వేలితో తడిమింది. "దారం పెట్టిండ్రా?"

"నేనే తీసిన," అంది అవ్వ గర్వంగా. "ఒక్కటి గుడ దొరకదు సూడుండ్రి."

డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. "గదే పరేషాన్ అయింది గదమ్మా! కుదురుల నుంచి పీకేసినవ్. ఇగ లైటు దేన్ని పట్టుకొని కిందికి దిగాలె? కొన్ని వారాలు ఆగి రాండ్రి. గప్పటిదాంక దారం బంద్."

నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. తిరుగు బస్సులో అవ్వ పక్కన సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. ఇంటిదాకా నిలబడే వచ్చాను.

ఆ వారాలు నరకం. వెంట్రుకలు మొలుస్తున్నాయి, దారం ముట్టకూడదు, రేజర్ చేతిలోకి తీసుకోవాలంటే నాకే సిగ్గు. డ్యూటీలో చున్నీ ముక్కు దాకా లాగి కట్టి, "టికెట్, టికెట్" అని గుడ్డలోంచే అరిచాను. ఒక రోజు మధ్యాహ్నం ఉన్నట్టుండి మా ఇంట్లో సాంచాల చప్పుడు ఆగిపోయింది. కరెంటు పోయిందేమో అనుకున్నాను. పైన ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. బాపు పని మధ్యలో సాంచాలు ఆపాడంటే చుట్టాలు రావాలి, లేదా ఎవరో పోవాలి. వెనక గదిలోకి పోయి చూస్తే కిటికీలో అద్దం పెట్టి, మగ్గులో నీళ్లు తెచ్చి, కొత్త రేజర్ కవరు చించుతున్నాడు.

"రా, కూసో. నురగ పెట్టు. మొలిచిన దిక్కే గియ్యాలె, ఎదురు గియ్యకు. చెయ్యి నొక్కకు."

నేను గుడ్లప్పగించి చూశాను. బాపు తన గడ్డానికీ నురగ పెట్టి, ఉత్తి వేలితో గీసి చూపించాడు, నేను అద్దంలో చూస్తూ అలాగే గీసుకున్నాను. తండ్రీ బిడ్డలం పక్కపక్కన నురగ ముఖాలతో కూర్చున్నామేమో, గుమ్మంలో నిలబడిన అవ్వకు కోపం ఆగలేదు, నవ్వూ ఆగలేదు. "ఇగ మీసం గుడ నేర్పు!" అని విసుక్కుని పోయింది. గీస్తే దట్టంగా మొలవవని, కొస మొద్దుగా ఉండడం వల్ల చేతికి గరుకు తగులుతుందని, అంతేనని డాక్టరమ్మ చెప్పిన మాట వెనక నుంచి గట్టిగా అరిచి చెప్పాను. బాపు మాత్రం ముఖం కడుక్కుని మళ్లీ సాంచాల స్విచ్ వేశాడు. ఆ రోజు బాపు మీద నాకు కలిగిన ప్రేమ ఇంతా అంతా కాదు.

చివరికి లేజర్ కొట్టే రోజు రానే వచ్చింది. పడుకోబెట్టి కళ్లకు నల్లటి అద్దాలు పెట్టారు. గడ్డానికి చల్లటి జెల్ రాశారు. మిషన్ మొన ఆనించగానే రబ్బరు బ్యాండు లాగి వదిలినట్టు చురుక్కుమంది. వెంటనే కోడి బూరు కాల్చిన వాసన! ఆ వాసనకు నాకు పట్టరాని సంతోషం కలిగింది. కాలుతున్నవి నా వెంట్రుకలే కదా. పై పెదవి మీద కొట్టినప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా అయిపోయిందనగానే, "ఇంకో రెండు కొట్టుండ్రి మేడం," అన్నాను.

"కొసరు అడగనీకి ఇది కూరగాయల అంగడా?" అని డాక్టరమ్మ నవ్వింది.

అద్దంలో చూస్తే గడ్డమంతా ఎర్రగా ఉంది, కుదురు కుదురుకూ దోమ కుట్టినట్టు చిన్న దద్దురు లేచింది. అది మామూలేనని, ఒకట్రెండు రోజుల్లో తగ్గుతుందని, మంటగా ఉంటే చల్లటి గుడ్డ పెట్టమని చెప్పింది. బొబ్బలు గానీ నల్ల మచ్చలు గానీ వస్తే ఆగకుండా రమ్మంది. ఎండ తగలకూడదు, క్రీము మానకూడదు, మంట తగ్గేదాకా ఆవిరి పట్టకూడదు, మళ్లీ దారం మాట ఎత్తకూడదు. ఇంటికి వచ్చేసరికి అవ్వ గిన్నెలో మీగడా పసుపూ కలిపి సిద్ధంగా ఉంది. ముఖం కందితే అవ్వకు తెలిసిన మందు అదొక్కటే. గిన్నె దూరం జరిపాను. మంగళవారం కొండగట్టు అంజన్న గుడికి నన్ను నడిపించుకొస్తానని మొక్కుకున్నానంది, నేను ఎండలో మెట్లు ఎక్కాలట. ఈసారి అడ్డుపడింది బాపు.

"అంజన్న యేడికి పోడు గని, ముందుగాల దాని మొఖం సక్కగ గానియ్యి."

కొన్ని రోజులు గడిచాక గడ్డం మీద నల్లటి చుక్కలు పైకి రావడం మొదలైంది. మళ్లీ మొలుస్తున్నాయి! డాక్టరమ్మకు ఫోన్ చేస్తే, "అవి మొలుస్తలెవ్వు, రాలనీకి పైకి వస్తున్నయి. ఫికర్ చెయ్యకు," అంది. నమ్మకం కుదరలేదు. చొప్పదండి దాటాక చెమట తుడుచుకుంటూ కర్చీఫ్ గడ్డానికి రుద్దాను. వచ్చేశాయి. గుడ్డకు అంటుకుని నల్లగా, నొప్పీ మంటా లేకుండా! నిండు బస్సులో కెవ్వున కేకేశాను. డ్రైవర్ బ్రేకు తొక్కాడు.

"ఏమైంది చెల్లే, ఎవలన్న పడ్డరా?"

"ఏం కాలే అన్నా! రైట్ రైట్!"

బస్సులో అందరూ నన్నే చూస్తున్నారు. చూడనీ అనుకున్నాను. ఆ పూట చున్నీ విప్పి సంచిలో పెట్టాను. అటుపైన పోయిన ప్రతిసారీ వెంట్రుకలు తగ్గాయి, మిగిలినవి సన్నబడ్డాయి. బతుకమ్మకు బాగా ముందే ఒక విడత పూర్తి చేయించుకుని, పసుపు పూస్తే ఏమీ కాదని డాక్టరమ్మతో ఒకటికి రెండుసార్లు అనిపించుకున్నాను.

సద్దుల బతుకమ్మ రానే వచ్చింది. వాగు గడ్డ మీద గొంతు బొంగురుపోయేలా పాడాను. బతుకమ్మలు నీళ్లలోకి పోయాయి. అలవాటు కొద్దీ నా కాళ్లు పక్కకు జరగబోయాయి, అలవాటు కొద్దీ అవ్వ పసుపుతో నా వైపు వచ్చింది. వచ్చి, ఆగింది. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"పోవే. అందరి దగ్గరికి పో."

పోయాను. ఎన్ని చేతులో! పక్కింటి చిన్నమ్మ, ఎదురింటి వదిన, ముక్కూ ముఖం తెలియని ముసలమ్మలు, అందరూ చెంపల నుంచి గడ్డం దాకా పూశారు. ఏ వేలూ ఆగలేదు, ఎవరి కళ్లూ మారలేదు. నవ్వుతూనే ఏడ్చేశాను. ఆ సంతోషంలో గౌరమ్మ పసుపు ఇంత చేతిలోకి తీసుకుని అవ్వ దగ్గరికి పరుగెత్తాను. అవ్వ ఎప్పటిలాగే పుస్తెలు ముందుకు పట్టింది.

"పుస్తెలకు పెట్టు, సాలు."

నేను వినలేదు. రెండు చేతులతో చెంపలు పట్టి గడ్డం దాకా పూశాను. బొటనవేలి కింద వెంట్రుకలు గుచ్చుకున్నాయి. బిరుసుగా, తెల్లగా, ఒకటి కాదు. అవ్వ నా మణికట్టు పట్టుకుంది.

"గా లైటు నల్లయే సూస్తదన్నది గదనే," అంది మెల్లగా.

ఊకెనే అడిగిన అన్న మాట చెవిలో మోగింది. అన్నేళ్లు నన్ను నలుగురి చేతుల నుంచి తప్పించిన మనిషి, తను కూడా అలాగే తప్పించుకుని తిరిగింది. పుస్తెలు అడ్డం పెట్టుకుని. నాకు తీయడానికి అవ్వ ఉంది, తనకు తీయమని అవ్వ ఎవరినీ అడగలేదు. అటుగా వస్తున్న ఆడవాళ్లకు నా వీపు అడ్డం పెట్టి, ఆ గడ్డమంతా పసుపు దట్టంగా పూసి, "దీనికి పెట్టిన, అయిపాయె!" అని గట్టిగా అరిచాను. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

మరునాడు పొద్దున బాపు సాంచాలు వేశాక, కండె నుంచి మూరెడు నూలు తెంపి అవ్వను గడప మీద కూర్చోబెట్టాను.

"నీకు రాదే," అంది అవ్వ.

"నీ చేతిల పెరిగిన మొఖం నాది, ఎట్ల రాదు?"

కొస పళ్ల మధ్య పట్టి, దారం మెలేసి, గడ్డానికి ఆనించాను.

"జర మెల్లగ తియ్యే," అంది అవ్వ కళ్లు మూసుకుని.

"అయిపాయె అవ్వా, అయిపాయె," అన్నాను. అప్పటికి ఒక్కటే తీశాను.