యావ్ పెదవి

బొమ్మలు గీసే లాయ్ జింతాంగ్ ఒక ముఖానికి వాడే బొగ్గుపొడి చిటికెడు కూడా ఉండదు. అదీ, ఒక అరిగిన కుంచె, రబ్బరు ముక్క, అంతే ఆయన సరంజామా. వేలి గోరంత ఫొటో ఇస్తే చాలు, గడులు గీసి, భూతద్దంలో చూసి, పోయినవాళ్ల ముఖాన్ని గోడకు తగిలించేంత పెద్దది చేస్తాడు. ముప్పై ఏళ్లుగా ఆ ఊళ్లో ఏ ఇంట్లో అగరొత్తులు వెలిగించినా ఆయన గీసిన బొమ్మ ముందే.

ఆ రోజు, చెప్పులు కుట్టే యావ్ చనిపోతే, అతని భార్య బొమ్మ తీసుకెళ్లడానికి వచ్చింది. కాగితం విప్పి చాలాసేపు చూసింది.

"గీత ఎంత నున్నగా ఉందో. కళ్లు మాత్రం అచ్చం ఆయనవే, మాస్టారూ. ఈ కింద ఉన్నదెవరు, బ్యాంకు ఆఫీసరా?"

యావ్‌కి పుట్టుకతోనే గ్రహణమొర్రి. లాయ్ దాన్ని పూడ్చేశాడు. పూజలో పెట్టే ముఖం కదా, మచ్చలూ మొర్రులూ తీసేయడం ఆయనకు అలవాటు. ఇప్పటిదాకా ఎవరూ వద్దనలేదు.

"అందంగా ఉంటుందని..."

"నలభై మూడేళ్లు ఆ సందులోంచి గంజి కారుతుంటే తుడిచాను. ఈయన ఎవరి గంజి తాగుతాడు?"

"ఫొటో తెండి అక్కా, పావుగంటలో దిద్దేస్తాను."

"నిన్న మావాడికి తిరిగిచ్చేశారుగా. పొద్దున ఆయన బట్టలతోపాటు కాల్చేశాం. బొమ్మ వస్తోంది కదా అనుకున్నాం."

ఉన్నది ఆ ఒక్కటే. గుర్తింపు కార్డు కోసం తప్ప యావ్ ఎప్పుడూ కెమెరా ముందు నిలబడలేదు.

లాయ్ రబ్బరు అందుకుని పెదవి దగ్గర ఆగిపోయాడు. మూడు రోజులు భూతద్దంలో చూసిన ముఖం.

"ఏ వైపు?" అన్నాడు చివరికి.

ఆమె లాయ్ వంక చూసింది. "ఆయన దగ్గర ఎన్ని జతలు కుట్టించుకున్నారు?"

ఆమె వేలు బొమ్మమీద పెట్టి చూపించింది. లాయ్ చెరిపి గీశాడు. "ఇంకాస్త పైకి," అంది. మళ్లీ గీశాడు. "అంత కాదు." నాలుగోసారికి కాగితం నూగు లేచింది. అక్కడ మొర్రి ఉంది గానీ, అది యావ్‌ది కాదు.

"పోనీలెండి," అని బొమ్మ చుట్టుకుని వెళ్లిపోయింది.

సాయంత్రం ఒకాయన తండ్రి ఫొటో తెచ్చాడు. "ఈ పులిపిరి తీసేయండి మాస్టారూ."

"మీ అమ్మ ఉందా?" అడిగాడు లాయ్.

"ఉంది. ఏం?"

"రేపు ఆమెను తీసుకురా. అప్పుడు మొదలుపెడతాను."